సగిలేరు లోయలో సాగునీరు, తాగునీరు: ఒకే నీటికి రెండు లెక్కలు

(ఆయకట్టు రైతులు, పంచాయతీ ప్రతినిధులు, ఇంజనీరింగ్ విద్యార్థులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం.

సాగునీటి గురించి కొంత, తాగునీటి గురించి కొంత మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఇలా రెండు భాగాలుగా అడగడంలో వింతేమీ లేదు, ఎందుకంటే మన పరిపాలన కూడా వాటిని రెండుగానే చూస్తుంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన పనులను పదకొండో షెడ్యూల్‌లో చేర్చింది. అందులో చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం మూడో అంశంగా ఉంటే, తాగునీరు పదకొండో అంశంగా ఉంది. చెరువు కట్టను చూసేది ఒక శాఖ, ఊళ్లో కుళాయిని చూసేది ఇంకొక శాఖ, బోరులో నీటిమట్టం కొలిచేది మరొక శాఖ, మోటారుకు కరెంటు ఇచ్చేది వేరే సంస్థ. నేల కింద నీటికి మాత్రం ఈ హద్దులేవీ తెలియవు. రక్షిత నీటి పథకం బోరూ, దాని పక్క చేలో రైతు బోరూ ఒకే ఊటను తోడుతాయి. కాబట్టి ఈ రెంటినీ ఒకే విషయంగా చెప్పడానికి నాకు అనుమతి ఇవ్వండి.

ముందుగా మన లోయ స్వభావం చూద్దాం. పడమట నల్లమల, తూర్పున వెలికొండ. వాటి నడుమ గిద్దలూరు వైపు నుంచి దక్షిణానికి పారి సగిలేరు పెన్నలో కలుస్తుంది. కడప ప్రాంతంలో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. నైరుతిలో కురిసేది కురిసినా, చెరువులు నిండడం మాత్రం చాలావరకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలూ బంగాళాఖాతం వాయుగుండాలూ తెచ్చే నీటి మీదే ఆధారపడుతుంది. ఆ వాన కూడా నెమ్మదిగా రాదు. కొండల మీద ఒక రాత్రి గట్టిగా కురిస్తే వంకలన్నీ ఒరుసుకుని పారుతాయి, మూడో నాటికి మోకాలి లోతుకు వస్తాయి, వారం దాటితే మళ్లీ ఇసుకే కనిపిస్తుంది. ఏటిలో నీరు కంటికి కనిపించే రోజులు తక్కువ, ఇసుకలో దాగి ఉండే నెలలు ఎక్కువ. వేసవిలో ఇసుక తోడి చెలమ తీసి బిందె నింపుకున్న తరం వారికి ఈ మాట నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ఇసుక ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో చెబుతాను. భూగర్భ జలాలను అంచనా వేయడానికి దేశమంతటా అనుసరించిన 1997 నాటి నిబంధనల ప్రకారం, ఇసుక పొరలో నుంచి దాని ఘనపరిమాణంలో సుమారు 16 శాతం నీటిని తోడుకోవచ్చు. ఈ లోయ అడుగున విస్తారంగా ఉన్న పలకరాతి జాతుల్లో అయితే అది ఒకటిన్నర శాతం దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒక ఎకరం విస్తీర్ణంలో ఒక మీటరు మందాన ఇసుక ఉంటే అది సుమారు 650 ఘనపు మీటర్ల నీటిని, అంటే ఆరున్నర లక్షల లీటర్లను, మనకు దాచిపెడుతుంది. అంతే మందం పలకరాయి దాచేది 60 ఘనపు మీటర్లు మాత్రమే. ఇసుక ఒకసారి లారీలకు ఎక్కిందంటే దాని చోట మిగిలేది ఈ పలకరాయే. ఇసుక తవ్వకాన్ని మనం సాధారణంగా రోడ్ల సమస్యగా, ఆదాయపు సమస్యగా మాట్లాడుకుంటాం గాని, ఏటి ఒడ్డున ఉన్న ఊరికి అది మంచినీళ్ల ట్యాంకు కూలిపోవడంతో సమానం.

ఇక చెరువుల దగ్గరకు వస్తాను. ఈ లోయలోనే, పోరుమామిళ్ల చెరువు దగ్గర, శక సంవత్సరం 1291 నాటి, అంటే క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఈ చెరువును కట్టించి దీనికి అనంతరాజ సాగరం అని పేరు పెట్టాడు. రోజుకు వేయి మంది కూలీలు, నూరు బండ్లతో రెండేళ్లు పని జరిగిందని ఆ శాసనమే చెబుతోంది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ 2020లో ఈ చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చింది. అదే ఏడాది కంభం చెరువుకూ, కర్నూలు–కడప కాలువకూ ఆ గుర్తింపు వచ్చింది. గుర్తింపు సంతోషించదగినదే. నన్ను ఎక్కువగా ఆకర్షించేది మాత్రం ఆ శాసనంలోని సాంకేతిక భాగం.

మంచి చెరువుకు పన్నెండు సాధనాలు, ఆరు దోషాలు ఉంటాయని అందులో లెక్కపెట్టారు. సంపన్నుడూ ధర్మపరుడూ అయిన రాజు మొదటి సాధనం. జలశాస్త్రం తెలిసిన పండితుడు రెండోది. గట్టి బంకనేల, దూరం నుంచి తీపి నీళ్లు మోసుకొచ్చే ఏరు, దాన్ని ఆనుకుని కొండ, ఆ కొండల నడుమ మరీ పొడవు కాని దృఢమైన రాతి కట్ట, లోతూ విస్తీర్ణమూ ఉన్న చెరువు గర్భం, దగ్గరలో నిడుపాటి రాళ్లు దొరికే గని, కింద ఫలవంతమైన పొలం, పని తెలిసిన మనుషులు, ఇలా ఆ జాబితా సాగుతుంది. ఈనాటి ప్రాజెక్టు నివేదికలో స్థల పరిశీలన అధ్యాయం తీసి చూడండి, అందులో ఇంతకన్నా కొత్త అంశాలు ఎన్ని ఉంటాయో మీరే చెప్పండి.

దోషాలు ఇంకా ఆసక్తికరం. కట్టలో నుంచి నీరు ఊరడం, నేల చవుడు కావడం, గర్భం నడుమ మెరక లేచి ఉండడం అన్నవి మేస్త్రీ కూడా చెప్పగల దోషాలు. మిగిలిన మూడింటిని చూస్తే రాసినవాడు ఎంత అనుభవజ్ఞుడో తెలుస్తుంది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం ఒక దోషం. దాని మీద వ్యాఖ్యానం అవసరం లేదు, కృష్ణా జలాల పంపకం గురించి పత్రికలు చదివేవారందరికీ అది తెలిసినదే. నీరు తక్కువై సాగుచేయవలసిన భూమి ఎక్కువ కావడం ఇంకొకటి. చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం చివరిది. ఈ ఆఖరి దోషం ఎంత ప్రమాదకరమో మనం 2021 నవంబరు 19న చూశాం. పెన్నకే ఉపనది అయిన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకుపోయి, దిగువ ఊళ్లలో ప్రాణాలు పోయాయి. వచ్చిన వరదను వదలడానికి తగిన దారి లేకపోతే మట్టికట్ట మీదుగా నీరు పొర్లుతుంది, పొర్లిన కట్ట గంటల్లో తెగుతుంది. చెరువు అలుగుకు, అంటే మిగులు నీరు బయటికి పోయే దారికి, అడ్డంగా రాళ్లు పేర్చి ఇంకొక అడుగు నీళ్లు నిలుపుకుందామని ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఆశపడతారు. వారికి దయచేసి ఈ సంగతి చెప్పండి.

అయితే ఈ రోజు నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది ఐదో దోషం గురించి, అంటే తక్కువ నీరు, ఎక్కువ భూమి. నా అభిప్రాయంలో మన లోయలో సాగునీటి తగాదాలకూ తాగునీటి కొరతకూ మూలం ఇదే. ఇది ఆ రోజుల్లోనూ ఉంది. తేడా ఏమిటంటే, చెరువు నిండిన తర్వాత, విత్తనం వేయకముందు, ఎంత భూమి సాగుచేయాలో తేల్చుకునే ఏర్పాటు వారికి ఉండేది. దాన్నే మన ప్రాంతంలో తైబందీ అనేవారు. చెరువు సగమే నిండిన ఏడు తూముకు దగ్గరి భూమిని మాత్రమే తడిపి, చివరి భూముల వారికి కూడా అందులోనే వంతు పంచే దామాషా పద్ధతి కొన్ని చెరువుల కింద నడిచేది. చెరువు తవ్వించినవారికీ, మరమ్మతు చూసేవారికీ దశబంధం పేరుతో మాన్యాలు ఉండేవి. నీరు పంచే మనిషి నీరుగట్టు. అతనికి కళ్లంలో మేర, అంటే పంటలో వాటా, కొలిచేవారు.

ఈ నీరుగట్టు పని ఎలాంటిదో కొంచెం దగ్గర నుంచి చూడాలి. పాత తూము అంటే చెరువులో కట్ట దగ్గర నిలబెట్టిన రెండు రాతి స్తంభాలు, వాటిని కలుపుతూ అడ్డబండలు, ఆ బండల నడిమి రంధ్రాల గుండా కిందికి దిగే కొయ్య, అడుగున రాతిలో తొలిచిన కన్ను, దానికి బిరడా. నీరుగట్టు ఈదుకుంటూ వెళ్లి ఆ కొయ్యను జానెడు లేపుతాడు, లేదా బెత్తెడు దించుతాడు. అక్కడి నుంచి కాలువ వెంట నడిచి, ఏ చేను తడిసిందో, ఏ మడిలో నీరు గట్టు మీదుగా పొర్లుతోందో చూసి, పారతో మట్టి తీసి ఇటు మడవ (మడిలోకి నీరు వెళ్లే గండి) కట్టి అటు మడవ తెరుస్తాడు. సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున రాత్రీ పగలూ పారిన నీరు దాదాపు రెండెకరాలను అడుగు మందాన తడుపుతుంది. అతనికి ఈ సంఖ్య తెలియకపోవచ్చు, కానీ కాలువలో నీటి ఎత్తు చూసి తెల్లవారేసరికి ఎవరి చేను దాకా చేరుతుందో చెప్పగలడు. రైతులెవరూ తమ మడవ తామే తెరుచుకోకూడదన్నది కట్టుబాటు.

ఆ వ్యవస్థను పొగడడానికి ఇదంతా చెప్పడం లేదు. నీరుగట్లలో చాలామంది దళిత కుటుంబాల వారు. ఊరి పొలానికంతటికీ నీరు పంచిన మనిషికి ఊరి మంచినీళ్ల బావి దగ్గర చోటు ఉండేది కాదు. తైబందీ తేల్చే సభలో మాట చెల్లేది కూడా పెద్ద రైతులదే. అది తిరిగి రావాలని ఎవరూ కోరుకోకూడదు. కానీ ఆ వ్యవస్థతోపాటు, విత్తనానికి ముందు నీటి లెక్క చూసే అలవాటును కూడా మనం వదులుకున్నాం. 1956 చట్టంతో ఇనాములు, అంటే మాన్యాలు, రద్దయ్యాయి, 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. రెంటికీ తగిన కారణాలే ఉన్నాయి. వాటి స్థానంలో చెరువు నీటి లెక్క ఎవరు చూడాలన్న ప్రశ్నకు మాత్రం చాలాకాలం జవాబు లేదు.

1997లో వచ్చిన రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం ఆ జవాబు ఇవ్వడానికి ప్రయత్నించింది. ఆ ఏడాది జూన్‌లో రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. మంచి ఆలోచనే. అయితే ఆ సంఘంలో ఓటు కాలువ కిందా, తూము కిందా భూమి ఉన్నవారికే. అదే ఆయకట్టులో బావి నీటితో సాగుచేసే రైతు బావి నీటికి సంఘానికి జవాబుదారీ కాడు. ఊరి మంచినీళ్లు ఆ సంఘం లెక్కలో ముఖ్యాంశం కాదు. సంఘాలు కాలువ పూడిక తీశాయి, తూములు బాగుచేశాయి. నీటి లెక్క తేల్చే పని మాత్రం, కనిపించే నీటికే పరిమితమైపోయింది.

కనిపించని నీటి కథ వేరే దారిన నడిచింది. ఎద్దులతో కపిల తోలి బావి నీరు తోడిన రోజుల్లో వాటి ఓపికే బావికి హద్దు. తర్వాత ఆయిల్ ఇంజన్ వచ్చింది, కరెంటు మోటారు వచ్చింది, బోరులోనే దిగే సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చింది, 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఒక్కొక్కటీ రైతుకు అవసరమైన సమయంలోనే వచ్చింది, అందులో ఏ ఒక్కదాన్నీ నేను తప్పుపట్టను. కాని వాటన్నిటి ఫలితం ఏమిటంటే, చెరువు ఆయకట్టులోని రైతు తూము వైపు చూడడం మానేశాడు. చెరువు నిండితే తన బోరు ఊరుతుంది, అంతవరకే చెరువుతో అతనికి పని. రాయలసీమలో కొన్ని ఊళ్ల రైతులు ఏకంగా తూములు మూసేసి చెరువును ఇంకుడు చెరువుగా మార్చుకున్నారు. అది తెలివైన పనే కావచ్చు, కానీ బోరు వేయించుకునే స్తోమత లేని రైతును ఆ తెలివి పూర్తిగా మరిచిపోయింది.

ఇప్పుడు తాగునీటి లెక్క చూద్దాం. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ప్రమాణంగా పెట్టుకుంది. అయిదు వేల జనాభా ఉన్న ఊరికి రోజుకు 2,75,000 లీటర్లు, ఏడాదికి పది కోట్ల లీటర్లకు కొంచెం పైన కావాలి. ఎకరం వరికి పైరు కాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే, అది సుమారు 48 లక్షల లీటర్లు. అంటే అయిదు వేల మంది ఏడాది పొడవునా వాడుకునే నీరు ఇరవై ఎకరాల పైచిలుకు వరికి పెట్టే నీటితో సమానం. వరికి పెట్టిన నీరంతా ఆవిరైపోదు కదా అని మీలో ఇంజనీరింగ్ చదివేవారు అడగవచ్చు. నిజమే. ఇందాక చెప్పిన 1997 నాటి భూగర్భ జలాల నిబంధనల ప్రకారం, నీటిమట్టం పది మీటర్ల లోపు ఉన్న చోట వరికి పారించిన కాలువ నీటిలో సగం దాకా తిరిగి భూమిలోకి దిగుతుంది. అప్పుడు ఇరవై ఎకరాలను నలభై అనుకోండి. కానీ నీటిమట్టం 25 మీటర్ల కన్నా లోతుకు పడిపోయిన చోట, బోరుతో తోడి వరికి పెట్టిన నీటిలో తిరిగి దిగేది ఐదో వంతే. ఇరవై అయినా నలభై అయినా, వందల ఎకరాల ఆయకట్టు ఉన్న ఊళ్లో అది పెద్ద మొత్తం కాదు. మరి ఏప్రిల్ నెలలో ట్యాంకర్ ఎందుకు వస్తోంది?

రెండు కారణాలు చెబుతాను. మొదటిది కాలం. రబీ పైరు నీరంతా తాగేది జనవరి నుంచి మార్చి దాకా. ఊరికి నీరు తప్పనిసరిగా కావలసింది ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా. ఉమ్మడి గాదెలో ముందు చెయ్యి పెట్టినవాడు కడుపునిండా తీసుకుంటే, చివర చెయ్యి పెట్టినవాడికి మిగిలేది అడుగు ఊడ్పే. రెండోది చోటు. రక్షిత నీటి పథకం బోరును నీరు బాగా పడే చోటనే వేస్తారు, అంటే చెరువు కింద లేదా ఏటి ఒడ్డున. రైతు కూడా అక్కడే వేస్తాడు. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం చెబుతోంది. చట్టం ఉన్న సంగతి రిగ్గు వచ్చినప్పుడు ఎవరికీ గుర్తురాదు. పంచాయతీ బోరు ఎండిపోతే ఇంకా లోతుకు వేస్తారు. రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచిన లోతు నీటిలో ఫ్లోరైడ్ పాలు పెరిగే అవకాశం ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిందంటే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. అప్పుడు శుద్ధి యంత్రం కొంటాం, దానికి ఇంకొక ఖర్చు. ఇరవై ఎకరాల నీటిని సకాలంలో పక్కన పెట్టుకోలేకపోవడానికి ఊరు చెల్లించే ధర ఇది.

బయటి నీళ్లు వస్తున్నాయి కదా, ఇక ఈ లెక్కలెందుకు అని కొందరు మిత్రులు నన్ను అడిగారు. శ్రీశైలం నుంచి తెలుగుగంగ ద్వారా వచ్చే కృష్ణా నీరు వెలుగోడు మీదుగా బ్రహ్మంసాగరానికీ, సోమశిల వైపుకూ సాగుతుంది. ఈ ప్రాంతంలో కొంత భూమికి అది ఊపిరి పోసింది. అయితే ఆ కాలువ మీద ఆధారపడినవారు చెన్నై దాకా ఉన్నారు. శ్రీశైలానికి వరద ఆలస్యమైన ఏడు మన వంతు కూడా ఆలస్యమవుతుంది. కాలువ నీరు చెరువులోకి వచ్చినా, దాన్ని ఎన్ని ఎకరాలకు పంచాలన్న ప్రశ్న ఊరి ముందే నిలబడి ఉంటుంది. వచ్చే నీటిని వద్దనకండి. కాని తైబందీకి అది బదులు కాదు.

నా సూచన ఏమిటంటే, తైబందీని బావులకు కూడా వర్తించే రూపంలో తిరిగి తీసుకురావాలి. ఇది ఊహ మాత్రమే అనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల పథకం 2003లో మొదలై, కడపతో సహా కరవు పీడిత జిల్లాలు ఏడింటిలో నడిచింది. రైతులే వానమానం చదివారు, పరిశీలన బావుల్లో తాడు వదిలి నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊళ్లో కూర్చుని, ఎంత నీరుంది, అనుకున్న పైర్లకు ఎంత కావాలి అని లెక్కగట్టి గోడ మీద రాసుకున్నారు. ఎవరినీ ఏ పైరూ వేయవద్దని శాసించలేదు. లెక్క అందరి కళ్ల ముందూ ఉంచి, నిర్ణయం ఎవరికి వారికి వదిలేశారు. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పైర్లు వేసుకున్నారు. ఈ పద్ధతికి లోపాలు ఉన్నాయి, పథకం ముగిశాక లెక్క చూసేవారు కరువైతే అలవాటు జారిపోతుంది. అయినా, చట్టంతో కాని పని లెక్కతో కొంతవరకు అయిందన్నది గమనించదగిన సంగతి.

మన ఊళ్లలో దీన్ని ఎలా మొదలుపెట్టవచ్చు? డిసెంబరు చివరి వారంలో, ఈశాన్య వానలు వెనక్కి మళ్లాక, ఒక సభ జరగాలి. అందులో నీటి సంఘం వారే కాకుండా, బోరు రైతులూ పంచాయతీ వారూ ఉండాలి. నీళ్ల కోసం బిందెతో నిలబడేది ఆడవాళ్లే గనుక వారు తప్పనిసరిగా ఉండాలి. మొదట ఊరి తాగునీటికి జూలై దాకా ఎంత కావాలో రాసి పక్కన పెట్టాలి. పశువుల నీటిని కూడా మరవవద్దు. మిగిలినదాన్నే పైర్లకు లెక్కగట్టాలి.

ఆ పక్కన పెట్టే నీటిని ఎక్కడ పెట్టాలన్నది సాంకేతికంగా ముఖ్యమైన ప్రశ్న. చెరువులో పలచగా పరిచి ఉంచితే మన ఎండలకు ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల నీరు ఆవిరైపోతుంది. అందువల్ల చెరువు గర్భంలో లోతైన భాగాన తూము మట్టానికి దిగువన నిలిచే నీటిని ముట్టుకోకుండా ఉంచడం ఒక పద్ధతి. తాగునీటి బోరు చుట్టూ ఉన్న పొలాల్లో రబీ వరి మానుకుని భూమిలోనే నీటిని నిలుపుకోవడం రెండోది, నాకు ఇదే ఎక్కువ నమ్మకం. అయితే ఆ పొలాల రైతులు తమ పైరును ఊరి కోసం మానుకుంటున్నారు కాబట్టి, వారికి ఊరు ఏదో ఒక రూపంలో పరిహారం ఇవ్వడం న్యాయం. పూడిక తీసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఒండ్రు చేలకు బలమే గాని, కట్ట మొదట్లో గోతులు తవ్వితే కట్టకే ముప్పు.

కొలతలకు సంబంధించి ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. కట్ట దగ్గర సగం లోతు నీళ్లుంటే చెరువు సగం నిండిందని చాలామంది అనుకుంటారు. చెరువు గర్భం పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి, సగం లోతులో ఉండేది దాని ఆకారాన్ని బట్టి మొత్తం నీటిలో నాలుగో వంతో, అంతకన్నా తక్కువో. ఈ పొరపాటు లెక్కతోనే సగం ఆయకట్టుకు నారు పోసి, పొట్ట దశలో పైరు ఎండబెట్టుకున్న ఊళ్లు ఉన్నాయి. వేసవిలో చెరువు ఎండినప్పుడే గర్భాన్ని సర్వే చేసి, ఏ మట్టానికి ఎంత నీరో లెక్కగట్టి, తూము స్తంభం మీద అడుగు అడుగుకూ గీతలు గీసి, ప్రతి గీత పక్కనా ఎన్ని ఎకరాలకు సరిపోతుందో రాయించవచ్చు. ఎదురుగా కూర్చున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇది కొద్ది రోజుల పని. మే నెలలో మీకు సెలవులు, చెరువులో నీళ్లూ ఉండవు. ఏ ఊరి నుంచి మొదలుపెట్టాలో, సర్వే పరికరం ఎక్కడ దొరుకుతుందో ఈ సభ ముగిసేలోగా మాట్లాడుకుందాం. ఇక మీ ప్రశ్నలు అడగండి.